బీజమూ క్షేత్రమూ: జగ్గయ్యపేట నిర్మాత చిత్తోద్వేగం

రాబోయే కీడును ముందే ఊహించుకొని మనస్సు కలత చెందే స్థితిని, దానితోపాటు దేహం వణికే స్థితిని ఆయుర్వేదం చిత్తోద్వేగమని వ్యవహరించింది. ఆధునిక వైద్యం దీనినే ఆందోళన రుగ్మతల వర్గంలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో భూమండలం మీద 30 కోట్ల మంది దీనితో బాధపడ్డారు. ఈ భయం మనుష్యునికి జన్మతః వచ్చినదా, లేక జీవితం నేర్పినదా? ప్రశ్న కొత్తది కాదు. చరకుడు, పతంజలి, న్యాయసూత్రకారుడు తమ తమ మార్గాలలో దీనిని విచారించారు. ఆ విచారణకు తగిన ఒక దృష్టాంతం కృష్ణా జిల్లా మెట్ట సీమలో లభిస్తున్నది. అది జగ్గయ్యపేట నిర్మాత రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని జీవితం.

తండ్రి పేరిట వెలసిన పేట

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నవి. 2022 ఏప్రిల్ వరకు అవి కృష్ణా జిల్లాకు పడమటి కొస. కాలువ నీటితో పండే డెల్టా వరిమళ్ళకూ ఈ నేలకూ పోలిక లేదు. సున్నపురాతి గుట్టలు, మునేరు, పాలేరు వంటి ఏరులు, ఆకాశం వంక చూస్తూ పత్తి, మిరప, కంది వేసే చేలు ఈ సీమ లక్షణాలు.

జగ్గయ్యపేటకు పూర్వనామం బేతవోలు. 1783 నుండి 1816 వరకు మొదట చింతపల్లి, పిదప అమరావతి రాజధానులుగా జమీందారీ నడిపిన వేంకటాద్రి నాయుడు ఇక్కడ నూతనంగా పేట కట్టించి, తన తండ్రి జగ్గన్న పేరు దానికి పెట్టాడు. తండ్రి పేరును ఊరికి పెట్టడం ఆ కాలపు ప్రభువులలో అరుదైన విషయం కాదు. కాని ఈ తండ్రిని ఈ కుమారుడు దాదాపు ఎరుగడు. గుంటూరు సీమ నిజాం సోదరుడు బసాలత్ జంగు చేతిలో ఉన్న రోజులలో జగ్గన్న వధింపబడ్డాడని, తల్లి అచ్చమ్మ సహగమనం చేసిందని వంశగాథలు చెబుతున్నవి. అప్పటికి వేంకటాద్రి పసిబాలుడు. బంధువుల సంరక్షణలో పెరిగి, యౌవనంలో సంస్థానాన్ని చేపట్టాడు.

ఆయన పెరిగిన కాలం కూడా నిలకడ లేనిది. నిజాం, ఫ్రెంచివారు, ఆంగ్ల కంపెనీ ఒకరి తరువాత ఒకరు ఈ సర్కారుల మీద హక్కు చెప్పుకొన్నారు. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ వశమయింది. పేష్కషు బకాయి పడితే జమీ ఉండునో ఊడునో తెలియదు. ఎవరితో మైత్రి క్షేమమో, ఎవరితో వైరం వినాశమో ఏటేటా మారుతూ వచ్చింది. తండ్రి హత్యకు గురైన ఇంట పుట్టి, అనిశ్చితి నడుమ అధికారం చేపట్టిన మనస్సు ప్రతి చప్పుడులోనూ ఆపదను పసిగట్టడం అలవరచుకొంటుంది. ఆ మెలకువ ఒక హద్దు వరకు రాజనీతి. ఆ హద్దు దాటిన చోట ఏమి జరుగుతుందో నాయుని జీవితంలోనే కనిపిస్తున్నది.

నరుకుళ్ళపాడు

సంస్థానంలోని గ్రామాల మీద చెంచులు దాడులు చేస్తున్నారన్న ఫిర్యాదులు వచ్చినవట. నాయుడు వారిని విందుకు పిలిపించి, నమ్మి వచ్చిన వారందరినీ శిరచ్ఛేదం చేయించాడని జనశ్రుతి. మృతుల సంఖ్యను ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెబుతారు. అమరావతి సమీపంలోని నరుకుళ్ళపాడు అనే గ్రామనామాన్ని ఈ ఘటనతోనే ముడిపెడతారు. అటుపిమ్మట నాయుడు భోజనానికి కూర్చుంటే విస్తరిలోని అన్నం పురుగులై కనిపించేదని, నిద్ర కరవైందని, చివరకు అమరేశ్వరుని శరణు జొచ్చి అమరావతిలో నివాసం ఏర్పరచుకొన్నాడని గాథ.

రెండు శతాబ్దాల తరువాత ఒక మనుష్యునికి రోగనిర్ణయం చేయడం చరిత్రకు తగదు. అన్నం పురుగులుగా మారిన వృత్తాంతం చారిత్రక సాక్ష్యం కాదు. జనం ఒక మహాపరాధాన్ని ఎలా స్మరించుకొన్నారో చెప్పే సాక్ష్యం. కాని నాయుడు అనంతరకాలంలో చేసిన నిర్మాణాలు మాత్రం కంటికి కనిపించే సత్యాలు. అమరావతి, చేబ్రోలు క్షేత్రాలలో ఆలయ కైంకర్యాలు, 1807 నుండి 1809 వరకు సాగిన మంగళగిరి పదకొండు అంతస్తుల గాలిగోపురం ఆయనవే. అమరావతిలో కొత్త పట్టణం కట్టడానికి పాత దిబ్బలో ఇటుకలు, రాళ్ళు త్రవ్వుతుండగానే మహాచైత్యం బయటపడింది. 1798లో కాలిన్ మెకంజీ దానిని చూచి లోకానికి తెలియజేశాడు. ఇన్ని గోపురాలు భక్తి వల్ల లేచినవా, కీర్తి కాంక్ష వల్ల లేచినవా, నిద్రపట్టని రాత్రుల వల్ల లేచినవా అన్నది విడదీసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

గాథ అడిగే ప్రశ్న ఇది. ఆ ఉద్వేగానికి మూలం ఏది? వంశ స్వభావమా? పసితనపు గాయమా? స్వయంకృత కర్మమా?

శాస్త్రకారుల విచారణ

చరకసంహిత శారీరస్థానం గర్భోత్పత్తిని వర్ణిస్తూ మాతృజ, పితృజ, ఆత్మజ, సాత్మ్యజ, రసజ, సత్త్వజములనే ఆరు భావాలను చెప్పింది. తల్లిదండ్రుల బీజం వాటిలో కేవలం రెండు. తల్లి ఆహారం, శరీరానికి అలవడిన సాత్మ్యం, జీవుడు వెంట తెచ్చుకొన్న మనస్సు తక్కినవి. జడునికీ అంధునికీ పుట్టిన సంతానం తండ్రిని పోలి ఎందుకు ఉండదన్న ఆక్షేపానికి చరకుడు ఇచ్చిన సమాధానం నేటికీ సూక్ష్మంగా తోస్తుంది. బీజంలో ఏ అవయవానికి సంబంధించిన భాగం దూషితమైతే ఆ అవయవానికే వికారం కలుగుతుంది. ఆ భాగం నిర్దుష్టమైతే వికారం సంక్రమించదు. వంశం నుండి వచ్చేది సమగ్రమైన విధి కాదనీ, భాగశః సంక్రమించే సంభావ్యత మాత్రమేననీ ఇందులోని తాత్పర్యం.

అదే గ్రంథం విమానస్థానంలో మానసిక వికారాలను లెక్కిస్తూ శోకం, భయాలతోపాటు చిత్తోద్వేగాన్ని విడిగా పేర్కొన్నది. రోగిని పరీక్షించేటప్పుడు అతని సత్త్వం ప్రవరమా, మధ్యమమా, అవరమా అని చూడమన్నది. అవరసత్త్వుడు దేహంతో బలిష్ఠుడైనా భయంకరమైన కథ వింటేనే కలవరపడతాడని, నెత్తురు చూస్తే మూర్ఛిల్లుతాడని వర్ణించింది. ఒకే ఘటన ఇద్దరిని ఒకే రీతిగా తాకదన్న గ్రహింపు ఇక్కడ స్పష్టంగా ఉన్నది.

న్యాయదర్శనం ఈ ప్రశ్నను మరొక మార్గంలో పట్టుకొన్నది. అప్పుడే పుట్టిన శిశువులో హర్షం, భయం, శోకం కనిపిస్తున్నవి. ఈ జన్మలో అనుభవం లేనివానికి అవి ఎలా కలిగాయి? పూర్వాభ్యాసస్మృతి వల్ల అని సిద్ధాంతి పక్షం. పద్మం తనంతట వికసించి ముకుళించినట్లే ఇదీ స్వభావమే కదా అని ప్రతిపక్షం. పద్మవికాసం సైతం ఉష్ణ శీత వర్షకాల నిమిత్తంగా జరిగేదే కాని నిర్నిమిత్తం కాదని సిద్ధాంతి ప్రత్యుత్తరం. స్వభావం అని చెప్పి ఊరకుండరాదు, స్వభావానికి సైతం కారణం వెదకాలి అన్నది ఆ వాదంలోని పట్టు.

యోగదర్శనం అభినివేశాన్ని, అనగా మరణభీతిని, పంచక్లేశాలలో చేర్చి అది విద్వాంసునిలోనూ తనంతట ప్రవహిస్తుందని చెప్పింది. అప్పుడే పుట్టిన క్రిమికి సైతం అది ఉన్నదని వ్యాసభాష్యం చూపింది. అయితే క్లేశం బీజరూపంగా ఉండడం వేరు, మొలకెత్తడం వేరు. ప్రసుప్తం, తనువు, విచ్ఛిన్నం, ఉదారం అని దానికి నాలుగు అవస్థలు. నిద్రించే క్లేశం ఆలంబనం లభించినప్పుడు మేల్కొంటుంది. అంతరాయాలతో కూడి వచ్చే లక్షణాలుగా దుఃఖాన్ని, దౌర్మనస్యాన్ని, అంగాల వణుకును, ఉచ్ఛ్వాస నిశ్వాసాల అస్తవ్యస్తతను పతంజలి పేర్కొన్నాడు. నేటి వైద్యుడు ఆందోళన రోగిని అడిగే ప్రశ్నలలో అధికభాగం ఇవే.

ఒకే విత్తనం, రెండు చేలు

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ విచారణ కొలతలలోకి దిగింది. ఏకాండ కవలలకు జన్యుసంపద దాదాపు సమానం. ద్వ్యండ కవలలకు అది సగటున సగం ఉమ్మడి. రెండు వర్గాలలోనూ ఒక లక్షణం ఎంతగా కలిసి వస్తున్నదో పోల్చితే వంశానుగతత్వాన్ని అంచనా వేయవచ్చు. హెట్టెమా, నీల్, కెండ్లర్ అనే అమెరికా పరిశోధకులు అప్పటి వరకు వచ్చిన అధ్యయనాలను సమీకరించి 2001లో ప్రకటించిన ఫలితం ప్రకారం సాధారణ ఆందోళన రుగ్మతలో జన్యువుల వాటా సుమారు 32 శాతం, హఠాద్భీతి రుగ్మతలో సుమారు 43 శాతం. మిగిలిన దానిలో అధికభాగం ఒక్కొక్క వ్యక్తికి ప్రత్యేకమైన అనుభవాలది.

ఈ శాతాలను అపార్థం చేసుకొనే ప్రమాదం ఉన్నది. 32 శాతం అంటే ఒక మనుష్యుని భయంలో మూడవ వంతు తాతది, మిగిలినది తనది అని అర్థం కాదు. జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ విత్తనాల ఉపమానంతో దీనిని వివరించాడు. ఆ ఉపమానాన్ని నందిగామ రైతుకు చెప్పనక్కరలేదు. ఒకే సంచిలోని నానావిధ విత్తనాలను సమానంగా దుక్కి, ఎరువు, నీరు ఉన్న ఒకే చేలో చల్లితే మొక్కల ఎత్తులో కనిపించే తేడా విత్తనానిదే. అదే సంచిలోని మరొక గుప్పెడు చౌడు నేలలో చల్లితే అక్కడ మొక్కల మధ్య తేడా సైతం విత్తనానిదే. కాని ఈ చేనికీ ఆ చేనికీ నడుమ ఉన్న తేడా అంతా నేలదే. వంశానుగతత్వం ఒక జనసమూహంలోని వైవిధ్యాన్ని కొలిచే సంఖ్య. ఏ ఒక్కరి తలరాతనూ చెప్పే సంఖ్య కాదు. చేను మారితే ఆ సంఖ్యా మారుతుంది.

ధర్మశాస్త్రకారులు బీజం ప్రధానమా, క్షేత్రం ప్రధానమా అని వాదించుకొన్నారు. మనుస్మృతి నవమాధ్యాయంలో ఆ వాదం విస్తారంగా ఉన్నది. అక్కడి సందర్భం పుత్రునిపై హక్కు ఎవరిదన్నది. మనస్సు విషయంలో ఆ వాదానికి తీర్పు దొరకకపోవడానికి కారణం బీజమూ క్షేత్రమూ ఒకదానిలో ఒకటి పని చేయడమే.

ఆ పని ఎలా జరుగుతుందో కనుగొనే ప్రయత్నంలో విజ్ఞానశాస్త్రం ఒకసారి తొందరపడింది. 1996లో సెరటోనిన్ రవాణాకు చెందిన జన్యువులోని ఒక రూపభేదానికీ ఆందోళన స్వభావానికీ సంబంధం ఉన్నదని ప్రకటన వచ్చింది. 2003లో కాస్పీ బృందం, ఆ రూపభేదం ఉన్నవారికి జీవితంలో కష్టాలు ఎదురైతే విషాదరోగం అధికంగా కలుగుతున్నదని చెప్పింది. వార్త దేశదేశాలకు ప్రాకింది. 2009లో అనేక అధ్యయనాలను కలిపి చూచినప్పుడు, 2019లో లక్షలమంది సమాచారాన్ని పరీక్షించినప్పుడు ఆ సంబంధం నిలువలేదు. భయానికి ఒక్క జన్యువు లేదు. అత్యల్ప ప్రభావం కల అనేక రూపభేదాల సమష్టి మాత్రమే ఉన్నది. తాను చెప్పినదానిని తానే ఖండించుకొన్న ఈ వినయం శాస్త్రానికి భూషణం. పూర్వపక్షాన్ని నిర్దయగా పరీక్షించమన్న నైయాయికుడు దీనిని మెచ్చుకొనేవాడు.

మైకేల్ మీనీ బృందం కెనడాలో ఎలుకల మీద చేసిన పరిశోధన మరింత నిలకడైనది. కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను తరచుగా నాకి లాలిస్తాయి. కొన్ని అంతగా లాలించవు. లాలన పొందిన పిల్లలు పెరిగి పెద్దవై తక్కువ భీరువులుగా ఉంటాయి. పుట్టిన వెంటనే పిల్లలను తల్లుల మధ్య మార్చినప్పుడు ఆ స్వభావం కన్నతల్లిని కాక పెంచిన తల్లిని అనుసరించింది. ఒత్తిడి హార్మోనును గ్రహించే జన్యువు మీద రసాయనిక ముద్ర ఈ లాలనను బట్టి మారుతున్నదని 2004లో వారు చూపారు. జన్యువులోని అక్షరం మారలేదు. అది ఎంత గట్టిగా ఉచ్చరింపబడుతుందో మారింది. ఎలుకలలో కనిపించినది మనుష్యులలో యథాతథంగా వర్తిస్తుందనడానికి ఆధారాలు ఇంకా పరిమితం. అయినా అనుభవం శరీరంలో ముద్రగా నిలుస్తుందన్న మాట సంస్కారశబ్దాన్ని ఎరిగినవారికి అపరిచితంగా తోచదు.

సంస్కారానికీ ఈ రసాయనిక ముద్రకూ అభేదం చెప్పడం మాత్రం ఉచితం కాదు. దర్శనాలలో సంస్కారం చిత్తానికి చెందినది, జన్మాంతరాలను దాటేది. ప్రయోగశాలలోనిది కణానికి చెందినది. రెండూ ఒకే ప్రశ్నకు వేర్వేరు భూమికల నుండి ఇచ్చిన సమాధానాలు. పూర్వులు అన్నీ ముందే చెప్పారని అనడం వల్ల పూర్వుల గౌరవం పెరగదు.

ధనంబోడు చెప్పే మాట

వేంకటాద్రి నాయుడు పేట కట్టించిన చోటికి సమీపంలో అంతకు చాలా శతాబ్దాల పూర్వమే ఒక స్తూపం ఉన్నది. స్థానికులు ధనంబోడు అని పిలిచే ఆ దిబ్బను 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. అక్కడ లభించిన మాంధాత చక్రవర్తి ఫలకం నేడు చెన్నై ప్రభుత్వ సంగ్రహాలయంలో ఉన్నది. చేయి పైకెత్తగానే నాణేలు వర్షించే ఆ చక్రవర్తి, బౌద్ధగాథ ప్రకారం స్వర్గంలో అర్ధాసనం పొంది కూడా తృప్తి చెందక పతనమయ్యాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనావత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి తన కుటుంబసభ్యులతో కలిసి ఇక్కడ ఆయక స్తంభాలు ప్రతిష్ఠించాడు. తన సొంత మేలుకే కాక సర్వలోక హితానికీ ఆ దానం చేసినట్లు వ్రాయించాడు.

ఆ స్తూపం ఏ మహాపురుషునికి చెందినదో ఆయన భయాన్ని గురించి ఒక సూత్రంలో స్వానుభవం చెప్పినట్లు పాళీ సంప్రదాయం భద్రపరచింది. బోధికి పూర్వం అరణ్యంలో రాత్రివేళ ఒక లేడి కదిలినా, నెమలి పుల్ల విరిచినా భయం కలిగేది. నడుస్తుండగా భయం వస్తే, అది శమించే వరకు నిలువక, కూర్చొనక, నడుస్తూనే ఉండేవాడు. కూర్చొనగా వస్తే కూర్చొనే ఎదుర్కొనేవాడు. భయానికి కారణమైన దాని నుండి పారిపోకుండా, క్రమంగా దాని ఎదుట నిలిచి శమింపజేయడమే నేటి మానసిక వైద్యంలోని ప్రధాన చికిత్సలలో ఒకటి. 1958లో జోసెఫ్ వోల్పే ప్రచురించిన గ్రంథం దానికి శాస్త్రీయ రూపం ఇచ్చింది. పతంజలి ప్రతిపక్షభావన, చరకుని సత్త్వావజయం ఇదే దిశలో వేసిన అడుగులు. చరకుడు ఔషధ ప్రధానమైన యుక్తివ్యపాశ్రయాన్ని కూడా సత్త్వావజయం పక్కనే నిలిపాడు. మనోవ్యాధికి మందు పుచ్చుకోవడం అధైర్యమని ఆయన ఎక్కడా భావించలేదు.

కర్మ ఎవరిది

ఈ విచారణకు పండిత గోష్ఠి దాటి ప్రయోజనం ఉన్నది. నేటికీ మెట్ట గ్రామాలలోనే కాదు, నగరాలలోనూ పిల్లకు లేదా పిల్లవానికి గుండెదడ, నిద్రలేమి, అకారణ భయం ఉన్నదని వైద్యుని వద్దకు తీసుకుపోవడానికి ఇంటివారు జంకుతారు. సంబంధాలు చూచేటప్పుడు వంశంలో ఉన్నదట అన్న మాట ప్రాకుతుందని వారి భీతి. ఇంకొక వైపు కర్మఫలం అనుభవించక తప్పదన్న మాటతో రోగిని నిందించేవారు ఉన్నారు. మొదటివారు బీజాన్ని విధిగా భావిస్తున్నారు. రెండవవారు కర్మను శిక్షగా భావిస్తున్నారు. ఇరువురికీ చరకుని సమాధానం ఒక్కటే. పూర్వదేహంలో చేసినది దైవం, ఈ దేహంలో చేసేది పురుషకారం. బలవత్తరమైన పురుషకారం దుర్బలమైన దైవాన్ని జయిస్తుంది. బలవత్తరమైన దైవం పురుషకారాన్ని అణచవచ్చు. ఆయుర్దాయం నియతమే అయితే వైద్యమే వ్యర్థమని ఆయన విమానస్థానంలో వాదించాడు. కవలల గణాంకాలు చెప్పేదీ అదే: ప్రవణత వంశానిది కావచ్చు, పర్యవసానం ముందుగా నిశ్చితం కాదు.

అయితే నాయుని గాథలో మరొక చిక్కు ఉన్నది. ఆయన ఉద్వేగాన్ని తండ్రి హత్యకో, వంశ స్వభావానికో అప్పగించి ఊరుకొంటే విందుకు వచ్చి హతులైన చెంచులు కథ నుండి అదృశ్యమవుతారు. రోగమైన భయం వేరు, అపరాధాన్ని ఎరిగిన అంతరాత్మ కంపం వేరు. మొదటిది చికిత్స కోరుతుంది. రెండవది ప్రాయశ్చిత్తం కోరుతుంది. రెండూ ఒకే దేహంలో ఒకే వణుకుగా కనిపించవచ్చు. గాయపడిన బాల్యం నాయుడు ఎందుకు అంత సులభంగా శత్రువును చూచాడో వివరించవచ్చు, చేసినదానిని క్షమించజాలదు. జనశ్రుతి ఈ భేదాన్ని మరచిపోలేదు. అందుకే ఆయన గోపురాలను స్మరించే నోటనే విస్తరిలోని పురుగులనూ స్మరిస్తుంది.

నాయుని నిద్రలేమికి గాథ ఉన్నది, గోపురాలు ఉన్నవి. హతుల బిడ్డల నిద్రలేమికి ఏ గోపురమూ లేదు. ఆ రాత్రి తండ్రులు తిరిగి రాని ఇళ్ళలోని పసివారు ఏ భయంతో పెరిగారో, వారి పిల్లలకు దానిని ఏ జాగ్రత్తల రూపంలో అప్పగించారో వ్రాసినవారు లేరు. చెంచులు నేడు ప్రభుత్వ పట్టికలో విశేష దుర్బల గిరిజన వర్గాలలో ఒకరు. తండ్రిని కోల్పోయిన పసిబాలుడు ప్రభువై మరికొందరు పసిబాలురను తండ్రి లేనివారిగా చేశాడన్నదే ఈ గాథలోని అత్యంత దుఃఖకరమైన అంశం. భయం తరం నుండి తరానికి సాగే మార్గాలలో రక్తం ఒకటి, లాలన లోపం ఒకటి, హింస మరొకటి.

వేంకటాద్రి నాయునికి ఔరస పుత్రులు లేరు. దత్తపుత్రుల మధ్య వారసత్వ వివాదం ఆయన మరణానంతరం దీర్ఘకాలం న్యాయస్థానాలలో నలిగి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు వెళ్ళింది. ఆయన బీజం నిలువలేదు. జమీందారీ చీలి క్షీణించింది. తండ్రి పేరిట ఆయన కట్టించిన పేట మాత్రం నిలిచి ఉన్నది. బృహదారణ్యకోపనిషత్తు సృష్ట్యారంభంలో ఆదిపురుషుడు ఒంటరిగా ఉండి భయపడ్డాడని, తనకు అన్యం లేనప్పుడు ఎవరికి భయపడడం అని ఆలోచించగానే ఆ భయం తొలగిందని చెప్పింది. అన్యుడు ఉన్నాడన్న బుద్ధి నుండే భయం పుడుతుందని ఆ శ్రుతి నిర్ణయం. ఎదుట విస్తరి ముందు కూర్చున్నవానిని అన్యునిగా చూచిన రాత్రి నాయునికి ఏమి మిగిల్చిందో కృష్ణాతీరం రెండు వందల సంవత్సరాలుగా చెప్పుకొంటూనే ఉన్నది.